కృష్ణవేణికీ విజయనగరానికీ ఏటి సంబంధం?

2025 ఫిబ్రవరి 16న సి. కృష్ణవేణి హైదరాబాదులో పోయారు. అప్పటికి ఆవిడకి నూరేళ్లు నిండి రెండు నెలలు కూడా కాలేదు. ఆ రోజు ఏ చానెల్ పెట్టినా కింద పరిగెత్తే అక్షరాలది ఒకటే పాట: ఎన్టీఆర్‌ని వెండితెరకి పరిచయం చేసిన నిర్మాత ఇకలేరు. అందులో అబద్ధమేమీ లేదు. 1949 నవంబరులో విడుదలైన ‘మనదేశం’ ఆవిడ తీసిందే. అందులో పోలీసు ఇన్‌స్పెక్టరుగా కాసేపు కనబడే కుర్రాడు రామారావే. కానీ ఆ కాసేపటి వేషమే లేకపోయుంటే ఆవిడ పోయారన్న సంగతి ఈ చానెళ్లు చెప్పి ఉండేవా అని నాకు అనుమానం.

పన్నెండేళ్లు నిండకుండానే కలకత్తా వెళ్లి సినిమాలో వేషం వేసిన మనిషి. హీరోయినై, తన పాటలు తనే పాడుకొని, వేరే హీరోయిన్‌కి కూడా గొంతిచ్చి, సొంతంగా సినిమాలు తీసి, ఇద్దరు పెద్ద సంగీత దర్శకులకి దారి చూపించిన మనిషి. ఇంత బతుకునీ తీసుకెళ్లి ఇంకొకరి మొదటి వేషం కింద ఫుట్‌నోట్‌గా పెట్టేశారు. ఆవిడకి 2004 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చారు, 2024 డిసెంబరులో ‘మనదేశం’ డెబ్భై అయిదేళ్ల పండగప్పుడు గుర్తు చేసుకున్నారు, కాదనను. ఆ పండగ కూడా ఎవరి పేరు మీద జరిగిందో చూడండి.

నేను విజయనగరం వాణ్ని. ఇక్కడ కూర్చొని ఆవిడ గురించి రాయడానికి నాకో స్వార్థం ఉంది.

ఏటా ఫిబ్రవరి 11న మా ఊళ్లో ఘంటసాల వర్ధంతి ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. ఆ ఏడు ఒక సంఘం వాళ్లు హాలు దొరక్క నెలాఖరుకి జరుపుకున్నారు. చందాలిచ్చేవాళ్లం కొందరం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ ఫోన్లో ఫ్లెక్సీ డిజైను చూస్తున్నాం. నడిమధ్య ఘంటసాల. ఆయనకి కాస్త పైన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, పక్కన పట్రాయని సీతారామశాస్త్రి గారు, మూలకి మా ఊరి ఆడపడుచు పి. సుశీల. కిందంతా దాతల పాస్‌పోర్టు ఫోటోలు.

“మాస్టారూ, మొన్ననే పోయారు కదా, కృష్ణవేణి గారి బొమ్మ కూడా ఒకటి వేయిద్దాం” అన్నాను.

పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకొని, “ఆవిడకీ మన ఊరికీ ఏటి సంబంధం బాబూ?” అన్నారు.

పక్కనున్నాయన ఇంకాస్త ముందుకెళ్లాడు. “ఆవిడ్ని పెడితే దాతల్లో ఒకర్ని తియ్యాల. ఎవర్ని తీసీమంటావ్, నిన్నా?”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బొమ్మ పడలేదు. డబ్బిచ్చిన వాళ్లందరి బొమ్మలూ ఉన్న ఆ ఫ్లెక్సీ మీద, ఘంటసాల బాణీల మీద మొట్టమొదట డబ్బు పెట్టిన ఇంటికి చోటు దొరకలేదు. పెద్దాయన అడిగిన ప్రశ్నకి అక్కడ, టీ గ్లాసు చేతిలో ఉండగా, జవాబు చెప్పడం కుదరలేదు. ఇక్కడ చెప్తాను.

ఘంటసాల కథలో మా ఊరి వంతు అందరికీ కంఠతా వచ్చు. కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టిన కుర్రాడు సంగీతం కోసం ఉంగరం అమ్ముకొని విజయనగరం వచ్చాడు. వచ్చేసరికి మ్యూజిక్ కాలేజీకి సెలవులు. చేరిన తర్వాత చెయ్యని తప్పు నెత్తిన పడి వసతి పోయింది. అప్పుడు పట్రాయని వారు ఇంట్లో పెట్టుకొని పాఠం చెప్పారు. భుజాన జోలె వేసుకొని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకున్నాడు. ఆ వీధులు మావేనని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. ఇక్కడిదాకా వచ్చి కథ ఒక్కసారిగా గెంతు వేస్తుంది. జోలె పట్టుకున్న కుర్రాడు, ఆ వెంటనే తెల్ల పంచె కట్టుకొని మైకు ముందు నిలబడ్డ ఘంటసాల! మధ్యలో ఏం జరిగిందో మా సభల్లో ఎవరూ మాట్లాడరు.

ఏళ్లు జరిగాయి మధ్యలో. 1942 ఉద్యమంలో జైలుకి వెళ్లాడు. బయటికొచ్చి పెళ్లి చేసుకున్నాడు. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్య గారి మాట పట్టుకొని మద్రాసు చేరాడు. కోరస్‌లో నిలబడ్డాడు, 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతితో గొంతు కలిపాడు, ‘బాలరాజు’ రోజుల్లో సంగీత దర్శకుడు గాలిపెంచల వారి దగ్గర సంగీతంలో చెయ్యి వేశాడు. ఇవన్నీ ఒకరి వెనకాల నిలబడి చేసిన పనులు. సినిమా మొత్తం నీదే, పాటలన్నీ నువ్వే కట్టు అని అప్పగించాలంటే అవతల ఒక నిర్మాత ఉండాలి. 1949లో రెండు సినిమాలు అలా ఆయన చేతికి వచ్చాయి. ఫిబ్రవరిలో ‘కీలుగుర్రం’, నవంబరులో ‘మనదేశం’. మొదటిది మీర్జాపురం రాజా గారిది, రెండోది ఆయన భార్య కృష్ణవేణిది. రెండూ ఒకే ఇంటి నుంచి వచ్చినవి.

ఆ ఇంటి గురించి కొంచెం చెప్పాలి. మీర్జాపురం రాజా అంటే మేకా వెంకట్రామయ్య అప్పారావు. కృష్ణా జిల్లా జమీందారు. 1930ల నుంచే సినిమాల్లో డబ్బు పెట్టాడు, మద్రాసులో స్టూడియో కట్టుకున్నాడు, దానికి ఆగిరిపల్లి కొండ మీది దేవుడి పేరు పెట్టుకున్నాడు, శోభనాచల అని. అప్పట్లో స్టూడియో అంటే ఫ్లోర్లు, లైట్లు మాత్రమే కాదు. వడ్రంగుల దగ్గర్నుంచి రచయితల దాకా నెల జీతాల మీద బతికే ఒక పెద్ద సంసారం. సినిమా తీసినా తియ్యకపోయినా ఒకటో తారీకు వచ్చేస్తుంది. అలాంటి సంసారాన్ని నడిపిన జమీందారు ఈయనొక్కడే కాదు. చల్లపల్లి రాజా సారథి సంస్థ వెనకాల నిలబడితే గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’, ‘రైతుబిడ్డ’ తీశాడు. జమీందారు డబ్బుతో జమీందారీ మీద సినిమా! అలాంటి తమాషాలు ఆ కాలంలోనే జరిగాయి.

ఇక్కడ మా వాళ్ల సంగతి ఒకటి అడగాలనిపిస్తుంది. మా సంస్థానం ఆస్తిలో గానీ హోదాలో గానీ మీర్జాపురానికి తీసిపోయింది కాదు సరికదా, ఎన్నో రెట్లు పెద్దది. 1919లోనే మ్యూజిక్ కాలేజీ పెట్టిన సంస్థానం. ఆదిభట్ల నారాయణదాసు గారిని కూర్చోబెట్టి మొదటి ప్రిన్సిపాల్‌ని చేసిన సంస్థానం. ‘కన్యాశుల్కం’ నాటకం మొదటిసారి ఆడింది 1892లో ఈ ఊళ్లోనే. కథలున్నాయి, గొంతులున్నాయి, నటులున్నారు, కోట నిండా డబ్బుంది. సినిమా తీసినవాడు మాత్రం లేడు. మా రాజకుమారుడు విజ్జీ గారు కాశీలో కూర్చొని ఇంగ్లండు నుంచి హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ పిలిపించి క్రికెట్ ఆడించారు. 1936లో ఇండియా కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్లారు, లాలా అమర్‌నాథ్‌ని టూరు మధ్యలోంచి ఇంటికి పంపించి చరిత్రలో అలా కూడా మిగిలిపోయారు. విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ అని ఒక ప్రయత్నం జరిగి 1938లో ‘భక్త జయదేవ’ వచ్చింది గానీ, ఆ స్టూడియో నిలబడలేదు. మొత్తానికి ఉత్తరాంధ్ర గొంతులనీ రాతనీ బండెక్కించి పంపించింది, డబ్బు మాత్రం పంపలేదు. గొంతులు ఒక్క ఘంటసాల, సుశీలవే కాదు. సాలూరు దగ్గర శివరామపురం నుంచి రాజేశ్వరరావు గారు వెళ్లారు. రాత అంటారా, ‘కీలుగుర్రం’కి మాటలు రాసిన తాపీ ధర్మారావు గారు బరంపురంలో పుట్టి, శ్రీకాకుళం, విజయనగరం, పర్లాకిమిడి బళ్లలో చదువుకొని గిడుగు వారి శిష్యుడైన మనిషి. మీర్జాపురం డబ్బు, తాపీ వారి కలం, విజయనగరంలో సానపట్టిన సంగీతం. అదీ ‘కీలుగుర్రం’. మన వాళ్లు పెద్ద సినిమా అంటే ఇప్పటికీ బాక్సాఫీసు లెక్క చెప్పుకుంటారు కదా, ఆ లెక్కల్లో అది ఆ కాలానికి చాలా పెద్దది. తమిళంలోకి డబ్బింగయి ‘మాయ కుదిరై’ పేరుతో అక్కడా ఆడింది.

ఇప్పుడు కృష్ణవేణి దగ్గరికి వస్తాను. 1924 డిసెంబరు 24న పశ్చిమ గోదావరి పంగిడిలో పుట్టింది. చిన్నప్పుడే స్టేజీ ఎక్కింది. సి. పుల్లయ్య గారు అంతా పిల్లలతోనే ‘అనసూయ’, ‘ధ్రువ’ తీసి 1936లో రెండూ ఒకే ఆటలో వేసినప్పుడు అనసూయ ఈ పిల్లే. తర్వాత మద్రాసు, హీరోయిన్ వేషాలు, రాజా గారితో పెళ్లి. 1947లో ‘గొల్లభామ’ వచ్చింది. అందులో ఆవిడ పాడిన ‘భూపతిఁ జంపితిన్’ పద్యం మా నాన్నగారి తరం వాళ్లకి నోటికొచ్చు. ఆ సినిమాలోనే అంజలీదేవి వెలుగులోకి వచ్చింది.

ఒక చిన్న విషయం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ‘కీలుగుర్రం’లో అంజలీదేవి పెదవులాడిస్తుంటే వినబడే పాటలు కృష్ణవేణి గొంతువి. స్టూడియో తమది. హీరోయిన్‌గా అప్పటికే పేరుంది, వయసు పాతిక కూడా నిండలేదు. కావాలంటే ఆ వేషం తనే వేసుకోవచ్చు, అడ్డేవాడు లేడు. తన సినిమాలో పైకొచ్చిన అమ్మాయి ముఖానికి తను వెనకాల నిలబడి పాట ఇచ్చింది. సినిమావాళ్ల ఇగోల గురించి మనం రోజూ వినే కథలకి ఇది ఎక్కడా అతకదు. ఇదేదో త్యాగమని దండ వెయ్యక్కర్లేదు. ఈ సినిమాకి ఏ ముఖం సరిపోతుంది, ఏ గొంతు సరిపోతుంది అని విడివిడిగా ఆలోచించే బుర్ర అది. నిర్మాతకి ఉండాల్సింది అదే.

‘మనదేశం’కి వచ్చేసరికి ఆ బుర్ర పూర్తిగా తన సొంత బ్యానరు మీద పనిచేసింది. శరత్ నవల ‘విప్రదాస్’ ఆధారంగా కథ. స్వాతంత్ర్యోద్యమం నేపథ్యం. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్, మాటలు పాటలు సముద్రాల, తెర మీద నాగయ్య, నారాయణరావు, తను. ఎక్కడ చూసినా జానపదాలు ఆడుతున్నాయి, తమ ఇంట్లోనే ఒకటి బంగారంలా ఆడింది. అదే అచ్చులో ఇంకో గుర్రాన్ని ఎగరేస్తే డిస్ట్రిబ్యూటర్లు అడ్వాన్సులు పట్టుకొని గుమ్మంలో నిలబడేవారు. అలాంటప్పుడు ఖద్దరు కట్టుకొని వాదించుకునే మనుషుల కథ ఎత్తుకుంది.

అందులోనూ సంగీతం ఘంటసాలకి ఇచ్చింది. ఆయనకప్పటికి ఇరవయ్యారేళ్లు. సాలూరి రాజేశ్వరరావు, ఓగిరాల రామచంద్రరావు, సి.ఆర్. సుబ్బరామన్ లాంటి పేరున్న వాళ్లంతా మద్రాసులోనే ఉన్నారు. వాళ్లని కాదని కొత్తవాణ్ని పెట్టుకోవడమంటే ఏమిటో ఇప్పుడు మనకి అంతగా తెలియదు. అప్పటి సినిమాలో పాటలు పోతే సినిమా పోయినట్టే. పైగా ఫిల్ము అంతా విదేశం నుంచి వచ్చే సరుకు. మన దేశంలో ముడి ఫిల్ము తయారీ 1960ల్లో ఊటీ ఫ్యాక్టరీ వచ్చేదాకా లేనే లేదు. యుద్ధంలో అయితే సినిమా పదకొండు వేల అడుగులు దాటకూడదని సర్కారు కత్తెర వేసింది. ఆ కరువు చూసి ఇంకా నాలుగేళ్లు కాలేదు, అడుగడుక్కీ లెక్క చూసుకునే రోజులు. రికార్డు చేసిన పాట బాగులేదంటే దాని మీద చిత్రీకరించిన నెగటివ్ మొత్తం దండగ.

ఇంకో సంగతి ఉంది. ఈ నిర్మాత డబ్బిచ్చి ఆఫీసు గదిలో కూర్చునే రకం కాదు. ఆ కొత్తవాడు కట్టిన బాణీలు తనే పాడాలి, తనే తెర మీద పెదవాడించాలి. బాణీ చెడితే డబ్బుతో పాటు గాయనిగా తన పేరూ పోతుంది. ఇంతకన్నా దగ్గరగా నిలబడి ఎవరైనా ఒక సంగీత దర్శకుణ్ని పరీక్షించగలరా? మలయాళీ అమ్మాయి పి. లీల గొంతు తెలుగువాళ్లకి పరిచయమైందీ ఈ సినిమాలోనే. రామారావు కూడా ఆ కొత్తవాళ్ల వరసలో ఒకడు, అంతే. అప్పటికే ఆయన సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం వదిలేశాడు, ‘పల్లెటూరి పిల్ల’లో హీరోగా బి.ఎ. సుబ్బారావు గారు ఒప్పుకున్నారు. ‘మనదేశం’ ముందు విడుదలై ఆ ‘మొదటి’ అనే ముద్ర దీనికి పడింది. అంటే చానెళ్ల వాళ్లు ఆవిడకి కట్టబెట్టిన గొప్పలో కొంత క్యాలెండరు పుణ్యం. ఘంటసాల విషయంలో అలా కాదు.

ఇదంతా చెప్తే మా పెద్ద మావయ్య ఒప్పుకోలేదు. ఆయనకి ఎనభై దాటాయి. కుర్రతనంలో చీపురుపల్లి, రాజాం వైపు తిరిగిన ఒక టూరింగ్ టాకీసులో గేటు దగ్గర పనిచేశాడు. సినిమా సంగతుల్లో ఆయన మాట మా ఇంట్లో సుప్రీంకోర్టు.

“ఏట్రా నీ గొడవ? మొగుడు రాజా, స్టూడియో సొంతం. నష్టమొస్తే అడిగినోడెవడు? ఆవిడి సోకుకి తీసింది సినిమా.”

“మరి బాణీలు బాగున్నాయా లేదా మావయ్యా?”

“బాణీలకేటి, అవి ఘంటసాలవి కదా. ఆవిడదేటుంది అందులో?”

చూశారా, లాభమొస్తే ఘంటసాలది, నష్టమొస్తే రాజాది. ఆవిడకి మిగిలేది సోకు.

సినిమా డబ్బంటే ఏమిటో మావయ్యకి తెలియక కాదు. ఆయన చెప్పే ప్రింటు పెట్టె కథ నాకిష్టం. రేకు పెట్టె, లోపల గుండ్రటి డబ్బాల్లో వెయ్యేసి అడుగుల రీళ్లు. ప్యాసింజరు బండిలో స్టేషనుకొచ్చేది, అక్కణ్నుంచి ఎడ్లబండి. పెట్టెతో పాటు డిస్ట్రిబ్యూటరు తాలూకు రిప్రజెంటేటివ్ ఒకడు దిగేవాడు. సాయంత్రం గేటు పక్కన కుర్చీ వేసుకొని నేల ఎంత, బెంచీ ఎంత, కుర్చీ ఎంత అని పుస్తకంలో రాసుకునేవాడు. మిషను ఒకటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది, జనం ఈలలు. రాత్రి అందరూ వెళ్లాక ఆ మనిషి డేరాలోనే ప్రింటు పెట్టె మీద తలపెట్టుకొని పడుకునేవాడు. “ఆడికి సినిమా అక్కర్లేద్రా. ఒక్క ఆట కూడా చూసీవోడు కాదు. పెట్టే లోకం. ఆ పెట్టి పోయిందంటే ఆడి బతుకు పోయినట్టే” అంటాడు మావయ్య.

నా మాట కూడా అదే. మద్రాసులో సంతకం పెట్టిన మనిషి నుంచి రాజాం డేరాలో పెట్టె మీద పడుకున్న మనిషి దాకా ఒకటే టెన్షన్. సొంత స్టూడియో ఉన్నంత మాత్రాన అది పోదు, ఇంకా పెరుగుతుంది. ఫ్లోరు అద్దెకి తీసుకున్నవాడు సినిమా పోతే ఆ సినిమా వరకే మునుగుతాడు, స్టూడియో ఉన్నవాడి మీద నెల జీతాలు కూడా ఉంటాయి. పైగా అది జమీందార్ల ఇంట్లో మహా బాగున్న కాలమా? 1948లోనే మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. తాతలనాటి శిస్తులు పోయే రోజులొచ్చాయి. రాజా గారి స్టూడియో కూడా తర్వాత చేతులు మారి వీనస్ స్టూడియో అయింది. నష్టమొస్తే అడిగేవాడు లేడనడం మావయ్య కోర్టులో చెల్లుతుందేమో గానీ లెక్కల పుస్తకంలో చెల్లదు.

అయితే మావయ్య మాటలో ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. రాజా గారి ఇల్లు లేకపోతే కృష్ణవేణి నిర్మాత అయ్యేదా? కష్టమే. ఆవిడకన్నా ముందు 1935లోనే దాసరి కోటిరత్నం ‘సతీ సక్కుబాయి’ నిర్మాణంలోకి దిగింది, వెనకాల ఏ రాజా లేకుండా, నాటకం డబ్బుతో, నాటకం పేరుతో. ఆవిణ్ని మనం ఇంకా ఎక్కువ మర్చిపోయాం. భానుమతికి భరణి, అంజలికి అంజలీ పిక్చర్స్ వచ్చాయి, వాటి పక్కనా భర్తలున్నారు. భర్త ఉన్న చోట నిర్ణయం భర్తదే అయ్యుంటుందని మనకో నమ్మకం. భానుమతి భర్త రామకృష్ణ గారు గట్టిగా మాట్లాడని మనిషి, భానుమతి గారు గట్టిగా మాట్లాడే మనిషి కాబట్టి అక్కడ ఆవిడ మాట నెగ్గిందని నమ్ముతాం. కృష్ణవేణి గట్టిగా మాట్లాడలేదు. అందుకే ఆవిడ నిర్ణయాలన్నీ తలొకరికీ పంచేశాం. రామారావుని ఎల్.వి. ప్రసాద్‌కి, ఘంటసాలని సముద్రాలకి, డబ్బుని రాజాకి. వాళ్లంతా చెప్పారు, నిజమే. చెప్పేవాళ్లు పదిమంది ఉంటారు. చెప్పినదానికి సరే అని చెక్కు రాసే చెయ్యి ఒకటే ఉంటుంది.

ఒకసారి గాలివాటుగా జరిగిందనుకుందాం. మరి 1950లో ‘లక్ష్మమ్మ’? ఆ కథ మీదే ఘంటసాల బలరామయ్య గారు (మన పాటల ఘంటసాల కాదు, వేరే ఆయన) నాగేశ్వరరావు, అంజలితో ‘శ్రీ లక్ష్మమ్మ కథ’ తీస్తున్నారు. రెండు సినిమాలు, ఒకటే కథ, ఒకటే ఏడు. అవతల అప్పటికే జనం నెత్తిన పెట్టుకున్న జంట. ఇవతల దర్శకుడిగా త్రిపురనేని గోపీచంద్, సంగీతం మళ్లీ ఘంటసాల, లక్ష్మమ్మగా తను. పందెంలో నిలబడింది ఈవిడ లక్ష్మమ్మే. ఆ తర్వాత 1957లో ‘దాంపత్యం’ తీసినప్పుడు ఇంకో కొత్తవాణ్ని తెచ్చింది. బొంబాయి నుంచి వచ్చిన రమేశ్ నాయుడు. తెలుగులో ఆయనకది మొదటి సినిమా. ఇంకో పాతికేళ్లకి అదే రమేశ్ నాయుడు ‘మేఘసందేశం’ సంగీతానికి జాతీయ అవార్డు అందుకున్నాడు. ఆ సినిమా పాటకే గాయనిగా జాతీయ అవార్డు వచ్చింది ఎవరికో తెలుసా? మా పి. సుశీలకి. ఫ్లెక్సీ మీద మూలకి పెట్టిన బొమ్మ.

పెద్దాయనా, ఇదీ సంబంధం.

చెవి ఉన్నంత మాత్రాన నిర్మాత అవ్వడం కుదరదనడానికి సాక్ష్యం కూడా ఘంటసాల దగ్గరే ఉంది. ఆయన తర్వాత సొంతంగా మూడు సినిమాలు తీశాడు, ‘పరోపకారం’, ‘సొంతవూరు’, ‘భక్త రఘునాథ్’. సంగీతం గురించి ఆయన కన్నా తెలిసినవాడెవడు? డబ్బు మాత్రం పాటలు పాడి తీర్చుకోవాల్సి వచ్చింది. మా సభల్లో ఈ మూడు సినిమాల ఊసు కూడా ఎత్తరు, ఆయన్ని తక్కువ చేసినట్టవుతుందని కాబోలు. నాకైతే అలా అనిపించదు. అంతటివాడికే చేతకాని పని ఒకావిడ చేసి చూపించిందంటే, ఆ పనికి ఒక విద్య ఉందన్నమాట. కృష్ణవేణి కూతురు అనూరాధాదేవి కూడా డెబ్భై, ఎనభైల్లో నాగేశ్వరరావు గారితో వరసగా సినిమాలు తీసింది. ఇంట్లో చూసి నేర్చుకున్న విద్యే అయ్యుంటుంది.

వచ్చే ఫిబ్రవరికి మళ్లీ చందా అడుగుతారు, ఇస్తాను. ఫ్లెక్సీ గొడవ పెట్టుకోను, దాతల ఫోటోలు దాతలకి ముఖ్యం. కానీ ఒకటి అడుగుతాను. ఈ వర్ధంతి సభల్లో ఏటా పాడే పాటలు ఇంచుమించు అవే. కుర్రాళ్లు కరోకే ట్రాకులు పెట్టుకొని అరవైల నాటి పాటలు పాడి వెళ్లిపోతారు. ఈసారి ఒక అమ్మాయి చేత, ఘంటసాల తను పాడుకోవడానికి కాకుండా కృష్ణవేణి పాడటానికి కట్టిన పాటలు రెండు పాడించండి. ‘కీలుగుర్రం’లోది ఒకటి, ‘మనదేశం’లోది ఒకటి. ట్రాకు దొరకదంటారు, తెలుసు. మ్యూజిక్ కాలేజీ ఉన్న ఊళ్లో ఒక హార్మోనియం, ఒక వయొలిన్ దొరకవా?